చప్పుడు లేని కూడిక

కడుపులో గడ్డ ఉందని డాక్టరమ్మ చెప్పినప్పుడు నాకు ముందుగా మా మామ్మ భాష గుర్తొచ్చింది. ఆవిడ మాటల్లో గడ్డ అంటే ఏరు. పడవెక్కి దాటేది. అయితే దాటవచ్చు కాబోలు అనుకున్నాను. నాకు ఈత రాదన్న సంగతి బస్సెక్కాక గుర్తొచ్చింది.

ఆపరేషన్ బుధవారానికి ఖాయమైంది. కబురు తెలిసి, అంతకు రెండు ఆదివారాల ముందు, ప్రార్థన అయ్యాక ఒక కుర్ర జంట మలాయ్ దేశపు పోర్ట్ క్లాంగ్‌లో మా ఫ్లాటుకు వచ్చారు. గోదావరి జిల్లా నుంచి వచ్చి సైబర్‌జయలో కంప్యూటరు ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలు. అరవం, మలాయ్ కలగలిసిన నా తెలుగు విని మర్యాదగా నవ్వు ఆపుకునేంత మంచివాళ్ళు. అబ్బాయి టీ గ్లాసు పక్కన పెట్టి ఫోనులో క్యాలెండరు తెరిచాడు.

"ఆపరేషన్ అయిన పది రోజులకి మీరు ఇంట్లో ఉంటారు ఆంటీ. ఆ శనివారమే కృతజ్ఞత కూడిక పెట్టేద్దాం. హాలు నేను బుక్ చేస్తా. కీబోర్డు, సౌండ్ బాక్సులు కూడా నావే. విశ్వాసంతో ముందే తేదీ వేసేద్దాం."

"తేదీ వేయొద్దు బాబూ," అన్నాను.

గొంతు కాస్త గట్టిగానే లేచినట్టుంది. అమ్మాయి బిస్కట్టు టీలో ముంచి తీయడం మరచిపోయింది. అది విరిగి గ్లాసు అడుక్కి వెళ్ళిపోయింది. పాపం, వాళ్ళు తప్పేమీ అనలేదు. అచ్చం అలాగే, అంత విశ్వాసంతోనే, మా మామ్మ ఒకసారి ముందుగా తేదీ వేసింది.

అప్పుడు నాకు పదేళ్ళు. హుటాన్ మెలింటాంగ్‌లో, నది సముద్రంలో కలిసే చోట, బురదలో కర్రల మీద నిలబెట్టిన చెక్క ఇల్లు మాది. పొద్దున్నే ఎండు రొయ్యల వాసన, మధ్యాహ్నం పడవల డీజిలు వాసన, సాయంత్రం గుగ్గిలం వాసన. గుగ్గిలం వాసన అంటే నాన్న వస్తున్నాడని. ఆయన తవుకే పడవల షెడ్డులో వడ్రంగి. తవుకే అంటే చైనా యజమాని. పాత పడవల చెక్కలు ఊడదీసి కొత్తవి వేసి, సందుల్లో చెట్టు బెరడు దట్టించి, నూనెలో కరిగించిన గుగ్గిలం పూసేవాడు. ఎన్నిసార్లు సబ్బు రుద్దినా ఆ వాసన ఆయన చేతుల్ని వదిలేది కాదు. ఆ చేత్తో కలిపి పెట్టిన అన్నం ముద్దకు కూడా కాస్త పడవ రుచి ఉండేది.

చుట్టుపక్కల తెలుగువాళ్ళలో ఎక్కువమంది రాములవారి గుడికి వెళ్ళేవారు. మేము ఏడెనిమిది ఇళ్ళవాళ్ళం కొబ్బరితోట చివర రేకుల ప్రార్థన గదికి వెళ్ళేవాళ్ళం. నవమికి వాళ్ళు మాకు పానకం పంపేవారు, క్రిస్మస్‌కు మేము వాళ్ళకు మురుకులు పంపేవాళ్ళం. పానకం చెంబు తిరిగి ఇచ్చేటప్పుడు మామ్మ దాన్ని ఎన్నడూ ఖాళీగా పంపలేదు, నేను మురుకులు దారిలో తినకుండా ఎన్నడూ తీసుకెళ్ళలేదు.

ఎవరింట్లోనైనా జబ్బు తగ్గినా, బిడ్డ పుట్టినా, తుఫానులో పడవ తిరిగొచ్చినా కృతజ్ఞత కూడిక పెట్టేవారు. అందులో మాకో పద్ధతి ఉండేది. ఆ ఇంట్లోవాళ్ళు చిన్నా పెద్దా ఒక్కొక్కరూ లేచి ఒక్కొక్క సంగతికి స్తోత్రం చెప్పాలి. "అన్నిటికీ స్తోత్రం" అని కూర్చుంటే మామ్మ ఊరుకునేది కాదు. మాట చివర మలాయ్ వాళ్ళ 'లా' తగిలించి మరీ అనేది.

"అన్నిటికీ అంటే దేనికీ కాదు లా. ఏటో ఒకటి, కంటికి కనబడింది సెప్పు."

ఒకసారి మా ఇంటి కూడికలో నేను లేచి, పక్కింటి కోడి మా వైపు గుడ్లు పెడుతున్నందుకు స్తోత్రం చెప్పాను. పక్కింటావిడ అక్కడే కూర్చుని ఉంది. మర్నాటి నుంచి ఆ కోడి కాలికి తాడు. నా భక్తి వల్ల ఇంటికి జరిగిన మొదటి నష్టం అదే. చివరిది కాదు.

ఆ కూడికల్లో మామ్మ చేతిలో ఇత్తడి తాళాలు ఉండేవి. చిన్న మనిషి, మోగిస్తే మాత్రం నది అవతల పడవవాళ్ళు తలలు తిప్పి చూసేవారు. పాటలు సగం అరవంలో, సగం తెలుగులో. రాగం మాత్రం పూర్తిగా మామ్మదే.

బడి నుంచి వచ్చాక నాకొక పని ఉండేది. నాన్న ఊడదీసిన పాత చెక్కల నుంచి రాలిన మేకులన్నీ పాలడబ్బాలో ఏరాలి. బాగున్నవాటిని ఆయన సుత్తితో సరిచేసి మళ్ళీ వాడేవాడు. డబ్బా నిండితే ఒక ఐస్ ఉండ. తురిమిన ఐసును చేత్తో ఉండ చేసి, ఎర్రటి పాకం పోసి, చేతిలోనే పెట్టేవాడు సైకిలు మనిషి. చప్పరిస్తుంటే మోచేతి దాకా కారేది.

ఆ రోజు డబ్బా సగమే నిండింది. ఐసు గంట వినిపించింది. మిగిలిన మేకుల మీదకు కాలితో రంపపు పొట్టు తోసేశాను. పైన మట్టంగా, శుభ్రంగా కనబడేలా కాలితో సర్దాను కూడా. పని ఎగ్గొట్టడంలోనూ నాకు నీటు ఎక్కువ. డబ్బా అడుగున చెక్కముక్కలు వేసి, పైన మేకులు పరిచి చూపించి, ఐస్ ఉండ సంపాదించాను.

తిరిగి వచ్చేసరికి నాన్న ఒక దూలం మీద కూర్చుని, మడమలోంచి మేకు లాగుతున్నాడు. మూడంగుళాల తుప్పు మేకు. లాగి, దాన్ని ఒకసారి చూసి, కిరసనాయిలుతో గాయం కడుక్కున్నాడు. తరవాత నా వైపు చూశాడు.

"ఐస్ బాగుందేటే?" అన్నాడు. "నోరంతా ఎర్రగున్నాది."

నేను తలూపాను. నోరు తుడుచుకున్నాను. అంతే.

ఎనిమిదో రోజు సాయంత్రం ఆయన అన్నం ముద్ద నమలలేకపోయాడు. పంటి నొప్పి అనుకుని మామ్మ లవంగం పెట్టింది. తెల్లారేసరికి నాన్న గోడకు ఆనుకుని నవ్వుతూ ఉన్నాడు. ఎందుకు నవ్వుతున్నాడో తెలియకపోయినా నేనూ తిరిగి నవ్వాను. ఆ నవ్వు తగ్గలేదు. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నా పెదవులు అలాగే లాగి ఉన్నాయి. అది నవ్వు కాదనీ, దవడలు బిగుసుకుపోయాయనీ ముందుగా తెలిసింది అమ్మకు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగేసింది.

తవుకే తన లారీలో పట్టణం ఆసుపత్రికి పంపాడు. ధనుర్వాతం అన్నారు. నాన్న ఒళ్ళు విల్లులా వంగడం చూసేదాకా ఆ పేరు ఎందుకు పెట్టారో నాకు తెలియలేదు.

ఆ ఆదివారం ప్రార్థన గదిలో మామ్మ లేచి నిలబడింది.

"నా కొడుకు లేసి వస్తాడు," అంది. "వచ్చే శనివారం కాదు, ఆ పై శనివారం, మా ఇంట్లో కృతజ్ఞత కూడిక. అందరూ రావాల. దేవుడికి ముందే సెప్పీసినాను."

ప్రార్థన నడిపే ఉపదేశిగారు మెత్తటి మనిషి. "కాస్త కుదుటపడనిద్దాం పెద్దమ్మా, అప్పుడు..." అన్నారు.

"కుదుటపడ్డాక ఎవుడైనా సెప్తాడు అయ్యగారూ. పడకముందు సెప్తే గదా నమ్మకం!"

గదంతా "ఆమేన్" అంది. నేను అందరికంటే గట్టిగా అన్నాను. తేదీ పడిపోయింది కాబట్టి నాన్న వచ్చేస్తాడు, ఇక మేకుల సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదు. నా లెక్క అది. బళ్ళో లెక్కలన్నీ తప్పే నాకు, ఇదొక్కటి సరిగ్గా వచ్చిందని సంబరపడ్డాను.

ఆ ఊపులోనే మామ్మ ఇంకో మాట అంది. "ఇక్కడ పాడితే ఆడికి ఏటి ఇనబడతాది? పదండి, ఆడి మంచం కాడే పాడదాం."

పదిహేనుమందిమి బస్సెక్కాం. మామ్మ ఒళ్ళో తాళాలు. పిల్లల్ని వార్డులోకి రానివ్వరని నన్ను చీరల మధ్య దాచి తీసుకెళ్ళారు. మూల మంచం చుట్టూ నల్లగుడ్డ కట్టి ఉంది. గుడ్డ మీద ఒక కాగితం, దాని మీద మలాయ్‌లో ఏదో రాసి ఉంది. మాలో పెద్దవాళ్ళెవరికీ చదవడం రాదు. నాకు వచ్చు, కానీ చీరల మధ్యలోంచి నాకు కనబడ్డవి మోకాళ్ళే. మిస్సీ, అంటే నర్సు, ఆ క్షణాన అవతలి గదిలో ఉంది.

మామ్మ నల్లగుడ్డ పక్కకు తీసింది. "నాయినా, మేం వచ్చినాం," అంది. తాళాలు ఒక్కసారి, గట్టిగా మోగించింది.

నాన్న నడుము మంచం మీది నుంచి లేచిపోయింది. తల వెనక్కి, మడమలు కిందికి, మధ్యలో మనిషంతా గాల్లో. పళ్ళు కొరికిన చప్పుడు నాకు వినిపించింది. పాట మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. మిస్సీ పరుగెత్తుకొచ్చి, గొంతు పెంచకుండా, కోపంతో ఏడుస్తున్నట్టు అంది. "దియామ్! దియామ్ లా!" చప్పుడు చేయొద్దని. చిన్న చప్పుడుకూ, కొంచెం వెలుతురుకూ ఆ వంపు వస్తుందనీ, అలా వచ్చిన ప్రతిసారీ మనిషి కొంచెం కొంచెం పోతాడనీ అప్పుడు చెప్పింది. కాగితంలో ఉన్నది కూడా అదే.

అమ్మ ఆసుపత్రిలోనే ఉండిపోయింది. తిరుగు బస్సులో మామ్మ ఒక తాళం కుడిచేతిలో, ఇంకోటి ఎడమచేతిలో, రెండు చేతులూ ఎడంగా చాపి కూర్చుంది. బస్సు ఏ గుంతలో పడ్డా అవి ఒకదానికొకటి తగలకూడదని. ఊరొచ్చేదాకా అలాగే ఉంది.

నాన్న గురువారం పోయాడు. శుక్రవారం పాతిపెట్టాం. తవుకే స్వయంగా పెట్టె చేయించి పంపాడు, సందుల్లో గుగ్గిలం పూయించి. వాసన తెలిసినదే కాబట్టి, నాన్న ఎక్కడో వెనకాల నడిచి వస్తున్నట్టు రెండుసార్లు తిరిగి చూశాను.

మరి తేదీ? తేదీ అలాగే ఉంది. పై శనివారం. ఉపదేశిగారు ఇంటికొచ్చి, దాన్ని ఆదరణ కూడికగా మార్చి చెబుతానన్నారు. పక్కింటావిడ, ఆ కోడి గలావిడే, గుమ్మంలో నిలబడి నెమ్మదిగా అడిగింది. "పెద్దమ్మా, వంటకి పెద్ద అండా అడిగినావు గదా. ఇంకా కావాలేటి?"

మామ్మ గోడవైపు చూస్తూ కూర్చుని ఉంది. "కావాల," అంది. తరవాత ఉపదేశిగారితో అంది, "కృతజ్ఞత అని పిలిసినాను. పేరు మార్సొద్దు."

"దేనికి చెబుతావు పెద్దమ్మా?"

"తెల్దు."

కూడిక అంటే బళ్ళో ఇంకో అర్థం ఉంది. ఉన్నదానికి కలపడం. తీసివేత చేసిన ఇంట్లో కూడిక ఏమిటని ఆ వారమంతా బుర్ర బద్దలు కొట్టుకున్నాను. అడగడానికి భయం. అడిగితే మేకు దాకా వెళుతుంది. ఆ రోజుల్లో నేను ఎవరి ముఖమూ చూడలేదు, అందరి కాళ్ళే చూశాను. ఎవరి మడమైనా ఇట్టే చెప్పగలిగేదాన్ని.

శనివారం ఇంటినిండా మనుషులు. పప్పు, ఉప్పుచేప, అన్నం. కోడి లేదు. ఎవరికీ ఆకలి లేదు కాబట్టి సరిపోయింది. పాట ఎత్తుకోవాల్సిన చోట ఉపదేశిగారు మామ్మ వైపు చూశారు. మామ్మ తల అడ్డంగా ఊపింది. పాట లేదు. చప్పట్లు లేవు. కింద నీటి పోటుకు ఇంటి కర్రలు కిర్రుమంటున్న చప్పుడొకటే. పద్ధతి ప్రకారం పెద్దవాళ్ళు ముందు లేవాలి. మామ్మ లేచింది, నోరు తెరిచింది, మాట రాలేదు. గోడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

అప్పుడు అమ్మ లేచింది. అమ్మ ఎన్నడూ సాక్ష్యం చెప్పిన మనిషి కాదు. తన వంతు వస్తే పొయ్యి చూసి వస్తానని వంటింట్లోకి వెళ్ళిపోయేది.

"ఎతికినాను," అంది. "దేనికి సెప్పాలా అని వారం నుంచి ఎతికినాను. ఒకటే దొరికింది. అది సెప్తాను." చీర చెంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ మాట్లాడింది. "మీరు ఎల్లిపోయినాక మిస్సీ వార్డులో అందరికీ సెప్పినాది, ఈ మడిసికి చప్పుడు తగలకూడదని. పక్క మంచం మీద ఒక మలాయ్ తాత ఉన్నాడు. ఆయన లేసి సెక్క సెప్పులు ఇప్పీసి మంచం కిందెట్టినాడు. ఆయన్ని సూసి అందరూ ఇప్పీసినారు. సిమెంటు నేల, సల్లగా ఉంటాది, జొరాలోళ్ళు. నాలుగు రోజులు ఒక్కడూ సెప్పులెయ్యలేదు. ఎదర మంచం చైనా ఆయన పళ్ళెంలో సెంచా తగుల్తాదని గంజి అలాగే ఎత్తి తాగీసేవోడు. అన్నం బండి చక్రాలకి గుడ్డ సుట్టినారు. ఆ తాతకి దగ్గు. దగ్గొస్తే దిండు నోట్లో కుక్కుకునేవోడు. ఆల పేర్లు నాకు తెల్దు. మన పేరు ఆలకి తెల్దు." ఆగింది. "అయినా పోయినాడు. పోనీ. నాలుగు రోజులు ఆయన్ని ఎవులూ ఉలిక్కిపడనియ్యలేదు. దానికి స్తోత్రం."

కూర్చుంది. ఎవరూ ఆమేన్ అనలేదు. అంటే చప్పుడవుతుందని భయపడ్డట్టు.

తరవాతి వంతు నాది. లేచాను. ఏదో ఒకటి, కంటికి కనబడింది చెప్పాలి. నాకు కంటికి కనబడుతున్నది రంపపు పొట్టు.

"మేకులు నేను ఏరలేదు," అన్నాను. "పొట్టు కింద దాచేశాను. ఐస్ కోసం."

అది స్తోత్రం కాదు. సాక్ష్యమే. సాక్షినీ నేనే, ముద్దాయినీ నేనే. ముఖాలన్నీ నావైపు తిరిగాయి. నేను నేలవైపు చూస్తున్నాను. నేల మీద చిన్న కాళ్ళు రెండు నడిచి వచ్చి నా ముందు ఆగాయి. మామ్మవి. కొడుతుందనుకుని కళ్ళు మూసుకున్నాను.

"గుంట సెప్పింది," అంది మామ్మ, అందరితో. ఈసారి మాట వచ్చింది. "నానూ సెప్తాను. తాళాలు వోయించింది నాను. మిస్సీ రాకముందు గుడ్డ లాగింది నాను. దేవుడికి ముందే సెప్పీసినానని ఎగిరింది నాను." ఆవిడ చెయ్యి నా తల మీద పడింది. బరువుగా, ఆసరా కోసం పట్టుకున్నట్టుగా. "ఇది సెప్పుకోడానికి మీరు వచ్చినారు. ఎవులూ రాకపోతే ఇద్దరం ఇది మింగి సచ్చీవోళ్ళం. దానికి స్తోత్రం."

అప్పుడన్నారు ఆమేన్. గుసగుసగా, ఒకరి తరవాత ఒకరు.

అండాలు కడిగేటప్పుడు పెరట్లో అమ్మ నా పక్కన కూర్చుంది. బూడిదతో రుద్దుతూ, నావైపు చూడకుండా అంది. "మేకు సంగతి మీ నాన్నకి ఆ రోజే తెల్సు. రాత్రి నాకు సెప్పినాడు. గుంట ఐసు తొందర్లో ఉన్నాది, రేపు నానే ఏరుకుంటాను అన్నాడు. నవ్వినాడు."

నిజమైన నవ్వా అని అడగాలనిపించింది. అడగలేదు. ఆ మాట నాన్న అన్నదో, ఆ పూట నా కోసం అమ్మ వండి పెట్టినదో కూడా అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆవిడ లేదు. తిన్నాను, ఇన్నేళ్ళూ నిలబెట్టింది, అంతవరకే తెలుసు.

ఆ తరవాత మా ఇంట్లో మంచిరోజులు వెంటనే వచ్చాయని చెబితే అబద్ధం. అమ్మ రొయ్యలు ఎండబెట్టే పనికి వెళ్ళింది. ఆవిడ వేళ్ళు ఉప్పుకు పగిలిపోయాయి. మామ్మ తాళాలు మళ్ళీ పట్టలేదు. షెడ్డు, చెక్క ఇళ్ళు, రేకుల గది ఇప్పుడు ఏవీ లేవు. నాకు భక్తి కూడా మరీ ఎక్కువ రాలేదు. ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ ముందు నిద్రే వస్తుంది. కానీ పడుకునేముందు వెతకడం మాత్రం మానలేదు. అమ్మలాగా. ఏదో ఒకటి, కంటికి కనబడింది. కొన్ని రోజులు చాలాసేపు వెతకాలి. డాక్టరమ్మ చెప్పిన రోజు చాలా, చాలాసేపు పట్టింది. చివరికి దొరికింది ఏమిటంటే, ఆవిడ ఆ మాట చెప్పేముందు లేచి వెళ్ళి గది తలుపు చప్పుడు కాకుండా వేసింది.

ఇదంతా ఆ పిల్లలకు చెప్పేసరికి టీ చల్లారిపోయింది. అబ్బాయి ఫోను బల్ల మీద బోర్లా పెట్టేశాడు.

"సారీ ఆంటీ. కూడిక మాట మళ్ళీ ఎత్తను."

"ఎత్తు," అన్నాను. "పెట్టు. కాకపోతే ఆపరేషన్ తరవాత శనివారం కాదు, ముందు శనివారం. హాలు వద్దు, ఇక్కడే. సౌండ్ బాక్సులు అసలే వద్దు."

"ముందా? అప్పటికి ఏమీ అయ్యుండదు కదా ఆంటీ, దేనికని?"

"అయినవి చాలా ఉన్నాయి బాబూ. వాటికే బాకీ ఉన్నాను. బుధవారం సంగతి బుధవారానిది."

వాడు ఫోను మళ్ళీ తీశాడు. ఆహ్వానంలో కారణం రాయాలట. ఏమని రాయమంటారు అన్నాడు. నేను చెప్పాను, వాడు టైపు చేశాడు. 'చెప్పులు విప్పినవాళ్ళ కోసం.' చదువుకుని తల గోక్కున్నాడు.

"గుమ్మం ముందు చెప్పులు విప్పి రమ్మంటున్నాం అనుకుంటారు ఆంటీ అందరూ."

"అనుకోనీ లా," అన్నాను. "విప్పే రమ్మను."